నేత నేర్వని సాలీడు

తెలుగువాడికి సాలీడు అనగానే గుర్తుకు వచ్చేది నేత. పేరులోనే సాలె ఉన్నాడు. శ్రీకాళహస్తి స్థలపురాణంలో శివుణ్ణి కొలిచిన ‘శ్రీ’ చేసిన సేవ కూడా గూడు అల్లడమే. అయితే ఆ నేతను వేటకు వాడకుండా, నేలమీద పరుగెత్తి ఎరను పట్టే సాలీళ్ళు 2,400 జాతులకు పైనే ఉన్నాయి. వాటిని తోడేలు సాలీళ్ళు అంటారు. శాస్త్రీయంగా వాటి కుటుంబం లైకోసిడే.

వీటిని గుర్తుపట్టడం కష్టం కాదు. ఎనిమిది కళ్ళు మూడు వరుసలుగా ఉంటాయి: ముందు నాలుగు చిన్నవి, వాటిపైన రెండు పెద్దవి, వెనుక మరి రెండు. రాత్రివేళ టార్చి వేస్తే పెద్ద కళ్ళు మిలమిలా మెరుస్తాయి. తల్లి గుడ్లసంచిని పొట్ట చివర తగిలించుకొని తిరుగుతుంది. పిల్లలు పుట్టాక వాటిని వీపున ఎక్కించుకొని కొన్నాళ్ళు మోస్తుంది. పట్టు దానికి ఉన్నది, కాని ఎక్కువ జాతులలో అది వలకు కాక సంచికే పనికివస్తుంది.

వీటికి పేర్లు పెట్టిన చరిత్ర విచిత్రమైనది. జంతువుల శాస్త్రీయ నామాలకు 1758 నాటి లిన్నేయస్ గ్రంథమే ఆరంభం. సాలీళ్ళకు మాత్రం మినహాయింపు ఉంది. స్వీడన్‌కే చెందిన కార్ల్ క్లెర్క్ 1757లో పెట్టిన పేర్లు నేటికీ చెల్లుతాయి. 1804లో లాత్రెయ్ గ్రీకు భాషలోని తోడేలు మాట నుండి ‘లైకోసా’ ప్రజాతిని ఏర్పరచాడు. 1833లో సుందెవాల్ దానిని కుటుంబంగా విస్తరించాడు. ఆపై ఎక్కడ ఏ నేలసాలీడు దొరికినా లైకోసాలో పడవేయడం అలవాటైంది. ఆ గంపను విడదీసే పని ఇంకా సాగుతూనే ఉంది.

మన దేశంలో ఈ కుటుంబంపై గట్టి పని చేసినవారిలో ఎఫ్. హెచ్. గ్రేవ్‌లీ ఒకరు. ఆయన మద్రాసు మ్యూజియం అధిపతిగా ఉండగా 1924లో భారతీయ లైకోసిడేలపై వ్యాసం ప్రకటించారు. అందులోని హిపాసా మద్రాస్‌పటానా పేరులో మనవాళ్ళకూ ఒకప్పుడు రాజధానియైన ఆ పట్టణమే నిలిచిపోయింది. హిపాసాలు తోడేలు సాలీళ్ళయినా గడ్డిమీద దుప్పటిలా గూడు పరచి, ఒక మూల గరాటులో పొంచి ఉంటాయి. అంబర్‌పేట దిగువన మూసీ గట్ల గడ్డిలో చలికాలపు ఉదయాన మంచుబొట్లతో మెరిసే అటువంటి గూళ్ళను నేను చూశాను. తరువాత 1980లో టికాదర్, మల్హోత్రా కలిసి ఈ కుటుంబానికి భారతదేశపు సంపుటాన్ని సమకూర్చారు.

పేర్ల తగవు మనకెందుకు అనుకునేవారికి వరిపొలమే సమాధానం. వరిలో తిరిగే ఒక తోడేలు సాలీడును 1906లో జపాను నుండి వర్ణించి టరెంటులా సూడోఆన్యులేటా అన్నారు. వ్యవసాయ గ్రంథాలలో అదే చాలాకాలం లైకోసా. నేడు పార్డోసా. మూడు పేర్లు, ఒకే ప్రాణి. పాత పుస్తకాన్నీ కొత్త పుస్తకాన్నీ పక్కపక్కన పెట్టుకున్నవారు రెండు వేర్వేరు సాలీళ్ళని భ్రమపడే వీలుంది. మన రైతులను దోమపోటు రూపంలో ముంచే సుడిదోమను అది రోజూ తింటుంది.

పురుగుమందు ముందుగా చంపేది ఈ కాపలాదారునే. దోమ గుడ్లు వరి కాడలోపల భద్రంగా ఉండి మళ్ళీ పొదుగుతాయి. తినేవాడు మాత్రం ఉండడు. మందు కొట్టిన కొద్దీ దోమ పెరగడానికి ఇది ముఖ్య కారణమని పీటర్ కెన్‌మోర్ బృందం ఫిలిప్పీన్స్ పొలాలలో 1984 నాటికే చూపింది. 1986లో ఇండోనేషియా ప్రభుత్వం వరిపై 57 రకాల మందులను నిషేధించింది.

2005లో జోకే, ఆల్డర్‌వైరెల్ట్ అనే బెల్జియం శాస్త్రజ్ఞులు ఒక ఊహ చేశారు: గడ్డిమైదానాలు విస్తరించిన కాలంలోనే, వాటితోపాటే ఈ కుటుంబమూ విస్తరించిందని. వరి కూడా గడ్డిజాతే కదా! అలా చూస్తే తోడేలు సాలీడు మన పొలంలోకి బయటినుండి వచ్చిన అతిథి కాదు. దాని పాత ఊరిలోకి నాగలి పట్టుకొని వచ్చినది మనమే.