చిత్రసీమయందలి వార్తాయంత్రములు

చెరువుకట్టపై కూర్చుండి నీటివంతుల తగవులు తీర్చిన పెద్దలకు నేటి విషయము పేరు కొత్తగా తోచవచ్చును. గాని అందలి న్యాయము పాతదే. హైదరాబాదునందు జూబిలీహిల్సు, ఫిలింనగరు అను కొండప్రాంతములు తెలుగు చలనచిత్ర పరిశ్రమకు నిలయములు. ఆ వ్యాపారమునందు ఉత్తరములు, టెలిఫోను మాటలు పూర్వమెట్లు నడచెనో, నేడెట్లు నడచుచున్నవో మనవి చేసెదను.

పూర్వము తెలుగు చిత్రములలో పెక్కు మద్రాసునందే తయారగుచుండెను. అక్కినేని నాగేశ్వరరావుగారు 1976లో హైదరాబాదున అన్నపూర్ణ స్టూడియోను ప్రారంభించిరి. పిమ్మట కృష్ణగారి పద్మాలయ, రామానాయుడుగారి స్టూడియో ఈ కొండలపై వెలసినవి. పరిశ్రమ క్రమముగా ఇచ్చటికి తరలినది. చిత్రము తీయుట యనగా పదిచోట్ల నున్నవారిని ఒక వేళకు ఒకచోట చేర్చుటయే కదా! నటుడొక ఊర, ఫిలిము కడుగు ప్రయోగశాల వేరొక ఊర, పంపిణీదారుడు మరియొక ఊర నుండిరి. ఉత్తరము, తంతి, ట్రంకుకాలు: ఇవియే నాటి సాధనములు. కబురు వేళకందనిచో దీపములు మోయువాని మొదలు వంటవానివరకు ఆ దినపు కూలికే మోసము.

1995 ఆగస్టు 15వ తేదీన మనదేశమున ఇంటర్నెట్టు ప్రజల కందుబాటులోనికి వచ్చెను. అంతట వ్యాపారసంస్థలు ఈమెయిలు నాశ్రయించినవి. వచ్చిన జాబులను పుచ్చుకొని, భద్రపరచి, ఎవరివి వారికి పంచు కంప్యూటరునకు సర్వరు అని పేరు. అది కార్యాలయమునకు సొంత తపాలాకచేరి వంటిది. టెలిఫోను ఎక్స్ఛేంజియు కొలదికాలమునకే కంప్యూటరులో నడచు ప్రోగ్రాముగా మారినది. 1999లో మార్కు స్పెన్సరను అమెరికా యువకుడు ఆస్టరిస్కు అను అట్టి ప్రోగ్రామును వ్రాసి, ఎల్లరును వాడుకొనునట్లు విడిచిపెట్టెను.

అయితే జాబులకొక యంత్రము, టెలిఫోనులకొక యంత్రము, లెక్కలకొక యంత్రము. ఒక్కొక్కటి దినములో చాలభాగము ఊరక కూర్చుండును. కరెంటు మాత్రము తిను చుండును. దీనికి విరుగుడు అంతకు ముందే ఉన్నది. ఐ.బి.ఎం. సంస్థవారు 1960 తరువాతి దశాబ్దమున ఒక పెద్ద యంత్రమును పలువురికి పలుయంత్రములుగా తోపించు ఉపాయము కనుగొని, 1972లో వి.ఎం.370 అను పేర బజారున పెట్టిరి. 1998లో కాలిఫోర్నియాయందు స్థాపితమైన వి.ఎం.వేర్ సంస్థ మరుసటి సంవత్సరము ఆ ఉపాయమును సామాన్య కంప్యూటర్లకు తెచ్చెను. ఇట్లు యంత్రములో యంత్రమువలె నుండుదానినే వర్చువల్ మెషీను అందురు.

ఒక చెరువు క్రింద పలువురి మళ్లున్నట్లు, ఒక యంత్రముమీద పలు సర్వర్లుండును. వాటికి వంతులు వేయు హైపర్‌వైజరను ప్రోగ్రామే అచ్చటి నీరటి. 100 ఎకరములకు నీరుండగా 150 ఎకరములకు మాట ఇచ్చినను, అందరు ఒకేనాడు మడవ తీయరు గనుక కొంతవరకు సాగును. కాని చిత్రము విడుదలయగు దినమున ఊరూరనుండి పిలుపులు ఒక్కసారి వచ్చిపడినచో గుట్టు బయటపడును. జాబు జొన్నచేను వంటిది. కొంత ఆలస్యమునకు ఓర్చుకొనును. మాట వరిమడి వంటిది, ధార తెగరాదు. ఒకరి పలుకు రెండవవారికి చేరుటకు సెకనును 1000 భాగములు చేసి అందు 150 భాగములు మించనిచో సంభాషణ సుఖముగా సాగును. చాల మించెనా, ఒకరి మాటపై నొకరి మాట పడును. అందుచే తెలిసిన నిర్వాహకుడు టెలిఫోను సర్వరునకు కొంత వంతు ముందే కేటాయించి, దానిని ఇతరుల కీయడు.

ఇంకొక భయము కలదు. ఒక కప్పుక్రింద అన్నియు చేరినచో, ఆ కప్పు కూలిన అన్నియు పోవును. 2021 మార్చి 10వ తేదీన ఫ్రాన్సు దేశమున స్ట్రాస్‌బర్గు పట్టణమునందలి యంత్రశాల యొకటి అగ్నికాహుతి కాగా, వేరుచోట నకలు ఉంచుకొనని వర్తకుల కాగితములు తిరిగి రాలేదు. ఈ నష్టము మన చిత్రసీమకు తెలియనిది కాదు. రఘుపతి వెంకయ్యగారి ప్రోత్సాహమున 1921లో తయారైన భీష్మప్రతిజ్ఞ అను మూకీ చిత్రమును చూచు భాగ్యము నేడు మనకు లేదు. దాని ప్రతి నిలువలేదు.

నేడు యంత్రమును కొనక అద్దెకు తీసికొనుటయు కలదు. అమెజానువారు 2006లో ఇట్టి అద్దె ఆరంభించి, 2022 నవంబరులో హైదరాబాదు ప్రాంతముననే తమ యంత్రశాలలను తెరచిరి. ఒకదాని ఆపద వేరొకదాని కంటకుండునట్లు వానిని 3 మండలములుగా వేరుచేసిరి. అయినను నకలును రెండవచోట ఉంచుమని కోరవలసినవాడు అద్దెకున్నవాడే. అదే యంత్రముపై దాచిన ఛాయ నకలు కాజాలదు.

చిత్రము తెరపై రెండుమూడు గంటలు కనబడును. దానివెనుక ఒప్పందములు, కూలిపట్టీలు, పిలుపులు ఏండ్ల తరబడి ఆ యంత్రములలో నుండును. వందలాది కుటుంబముల బత్తెమునకు అవియే సాక్ష్యము. విత్తనపు గింజలను ఒకే గాదెలో పోయకుము, రెండిండ్ల దాచుమని మన తాతలు మనకు నేర్పినదే నేటి యంత్రనిర్వాహకునకును తగిన బుద్ధి.