బందరు కోట: ఒక రాత్రి చిక్కుముడి

ఈనాడు నగరములలో ఒక వింత వినోదము వ్యాపించియున్నది. నలుగురైదుగురు మిత్రులు రుసుము చెల్లించి ఒక గదిలోనికి పోదురు. వెనుక తలుపు మూసికొనును. గోడ పటములోనో, బల్ల సొరుగులోనో, వడ్రంగి చేతితో మలచిన పెట్టె అడుగుననో ఆనవాళ్లు దాగియుండును. వానిని ఒకదానితో నొకటి పొసగించి, గంటలోపల తాళము విప్పుకొని వెలుపలికి రావలెను. 2007లో జపాను దేశపు క్యోటో నగరమున తకావో కాటో అను నాతడు ఈ క్రీడకు నాంది పలికెను.

ఆట క్రొత్తది, చిక్కు మాత్రము మనకు క్రొత్తది కాదు. పద్మవ్యూహము చొచ్చుటయే గాని వెలువడుట యెరుగని అభిమన్యుని కథ మన ప్రతి యింట వినబడినదే. దానికి తలక్రిందులైన చిక్కు ఒకటి, చొరవలసినవారికి దారి తెలియనిది, మన గూడూరునకు దాపుననే నిజముగా నడచినది. గూడూరు పాతదే. గ్రీకు భూగోళవేత్త టాలెమీ చెప్పిన కొడ్డూర ఇదేయని కొందరు చరిత్రకారుల తలపు. అచటినుండి బందరు చేరి సముద్రము వైపు సాగినచో కోట శిథిలములు కానవచ్చును.

1759లో ఆ కోట ఫ్రెంచివారిది. చుట్టును బురదనేల, ఉప్పుకాలువలు. ఊరినుండి కోటకు బురదమీద వేసిన కట్టయొకటే నడవదగిన దారి. దానికి గట్టి కాపు. లోపల కాన్‌ఫ్లాన్ అను సేనాని. మార్చి 6న కర్నల్ ఫోర్డు ఆంగ్లసేనతో వచ్చి విడిసెను. విజయనగరపు ఆనందరాజు బలములును వెంట నుండెను. మార్చి 25 మొదలు ఫిరంగులు మ్రోగినను కోట లొంగలేదు.

ఏప్రిల్ 7వ తేదీకి ఫోర్డునకు గడువు ముగియవచ్చినది. మందుగుండు రెండు దినములకే మిగిలెను. బెజవాడనుండి నిజాము సలాబత్‌జంగు పెద్ద సేనతో కదలెనని వార్త. ఇక నిలువరాదు, మరలిపోవుటయు క్షేమము కాదు.

అప్పుడొక ఆనవాలు దొరికినది. కోటకు నైరుతిదిక్కున ఏనుగైనను దిగబడునని ఉభయపక్షములవారును నమ్మిన రొంపిని అచటి జనులు కాలినడకను దాటుచుండుట కొందరు చూచిరి. పరీక్షింపగా బురద మోకాలిలోతే! ఇంజనీర్లు పటములు గీయుచుండగా ఆ తాళపుచెవి ఊరివారి పాదములలో నుండినది. చరిత్రకారులు కెప్టెన్ల పేర్లన్నియు వ్రాసిరి. ఆ దారి నడచినవారి పేరొక్కటియు వ్రాయలేదు.

ఆ అర్ధరాత్రి సముద్రపు పోటు తగ్గిన వేళ మూడుదిక్కుల దాడి సాగెను. కెప్టెన్ నాక్సు సిపాయిలు నైరుతి రొంపిలో దిగి కలకలము రేపిరి. ఆనందరాజు బలములు కట్టవైపున అట్లే చేసిరి. రెండును కంటికి మరుగు వేయుటకే. అసలు దెబ్బ ఈశాన్యపు బురుజుమీద పడినది. చీకటిలో ఏ తలుపు బద్దలగుచున్నదో తెలియక కాన్‌ఫ్లాన్ ఆజ్ఞలు మార్చుచుండెను. తెల్లవారకమునుపే అతడు లొంగిపోయెను. పట్టుబడినవారు పట్టుకొన్నవారికన్న ఎక్కువమంది! ఆటగదిలో ఓడినవాడు నవ్వుచు ఇంటికి పోవును. ఇచట ఇరువైపులను ఎందరో మరునాటి ప్రొద్దు చూడలేదు. చచ్చిన సిపాయిలు మన దేశపు బిడ్డలే.

తరువాతి నెల, మే 14న, సలాబత్‌జంగు సంధి చేసికొని బందరును దాని చుట్టుపట్టు సీమలను ఆంగ్లేయులకు ఒప్పగించెను. తీరాంధ్రమున ఫ్రెంచివారి పలుకుబడి అంతటితో అణగినది.

కోటను మాత్రము మరొక శత్రువు గెలిచెను. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి తుపానులో సముద్రము పొంగి బందరును ముంచెత్తగా, ఆ సీమలో దాదాపు ముప్పదివేలమంది మడిసిరి. అటుపిమ్మట కోటలో పటాలము నిలువలేదు. ఇప్పుడచట ఆయుధశాల గోడలును, ముండ్లపొదలును మిగిలియున్నవి.