పుస్తకాలకు నామినేషన్ రాశామా?

ఉద్యోగకాలంలో మనలో చాలామందికి ఏదో ఒక పిచ్చి ఉండేది. కొందరికి స్టాంపులు, కొందరికి నాణేలు, మరికొందరికి పుస్తకాలు. పుస్తకాల పిచ్చిలోనూ రకాలున్నాయి. భారత భాగవతాలు, పేరున్న నవలలు ఎవరైనా కొంటారు. ఎవరూ దాచనివి దాచేవారు వేరు. పాత పంచాంగాలు, పశువైద్యం పుస్తకాలు, నాటకాల కరపత్రాలు, కథ సగం చెప్పి మిగతాది వెండితెర మీద చూడమనే సినిమా పాటల పుస్తకాలు వీరి ఆస్తి. మద్రాసు మూర్ మార్కెట్ 1985లో కాలిపోయినప్పుడు ఇలాంటివారు సొంత ఇల్లు కాలినంత బాధపడ్డారు. హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంటు మీద, విజయవాడ లెనిన్ సెంటర్‌లో దుమ్ము దులుపుతూ నిలబడేవారూ వీరే.

'ఈ చెత్తంతా దేనికి?' అని ఇంట్లోవారు అడుగుతారు. ఈ ప్రశ్నకు చరిత్రలోనే జవాబుంది. ఆ జవాబు చెప్పినవారు పండితులు కారు, జమీందారులూ కారు. మనలాగే నెల జీతం తీసుకున్న ఉద్యోగులు.

మొదటివారు కాలిన్ మెకంజీ. 1783లో ఈస్టిండియా కంపెనీ కొలువులో చేరి, 1815లో దేశానికంతటికీ మొదటి సర్వేయర్ జనరల్ అయ్యారు. ఆయన ఉద్యోగం భూమి కొలవడం. అయితే ఏ ఊరికి వెళ్ళినా ఆ ఊరి కథ అడిగేవారు. ఏలూరుకు చెందిన కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి ఆయనకు కుడిభుజాలు. వీరూ, ఇతర సహాయకులూ గ్రామాలు తిరిగి కరణాల దగ్గరున్న దండకవిలెలు చూసి, పెద్దలను అడిగి, ఊరి పుట్టుక, గుడి, చెరువు, మాన్యాల వివరాలు రాసుకునేవారు. అవే కైఫీయతులు. ఆనాటి కావ్యపండితులు వాటిని గ్రంథాలుగా లెక్కపెట్టి ఉండరు. ఈనాడు గ్రామచరిత్ర రాసేవారికి అవే పెద్ద దిక్కు. బొర్రయ్య 1803లో చిన్నవయసులోనే కన్నుమూశారు. మిగిలిన సోదరులు పని కొనసాగించారు.

1821లో మెకంజీ మరణించేనాటికి తన సేకరణకు పట్టిక తయారుచేసుకోలేకపోయారు. ఆయన భార్య వద్ద నుంచి కంపెనీ ఆ సేకరణను లక్ష రూపాయలకు కొన్నది. అందులో ఏముందో లోకానికి తెలియడానికి విల్సన్ 1828లో పట్టిక అచ్చువేసేదాకా ఆగవలసి వచ్చింది. సేకరణ మూడు ముక్కలై కొంత లండనుకు, కొంత కలకత్తాకు, కొంత మద్రాసుకు చేరింది. పనిని తానే ముందుకు తీసుకువెళ్తానని లక్ష్మయ్య అర్జీ పెట్టుకుంటే ఆసియాటిక్ సొసైటీ వారు ఒప్పుకోలేదు. అన్నీ తెలిసిన మనిషి దగ్గరే ఉన్నా ఆయన చేతికి పని అప్పగించలేదు.

రెండవవారు మనందరికీ తెలిసిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. 1798లో కలకత్తాలో పుట్టి, 1820లో కడపలో ఉద్యోగంలో చేరారు. అబ్బే దుబాయ్ పుస్తకంలో వేమన ప్రస్తావన చూసి, ఆ పద్యాల కోసం వెతకడం మొదలుపెట్టారు. వేమన ఆనాటి పండితుల దృష్టిలో పెద్ద కవి కాడు. అయినా బ్రౌన్ ఒక ప్రతితో తృప్తిపడక, దొరికిన ప్రతులన్నీ తెప్పించి పోల్చి చూశారు. వాటిలోంచి 693 పద్యాలు ఏరి, ఇంగ్లీషు అనువాదంతో 1829లో అచ్చువేయించారు.

కడపలో బంగళా కొని, పండితులను, రాయసగాళ్ళను పెట్టి, వారికి తన జీతంలోంచే జీతాలిచ్చారు. చాలక అప్పులూ చేశారు. పురుగు తిన్న తాటాకులు చదివించి, కాగితాల మీదికి ఎత్తించి, పాఠాలు సరిచూపించారు. 1835 తరువాత కొంతకాలం లండనులో ఉన్నప్పుడు ఇండియా హౌస్ గ్రంథాలయంలో ఎవరూ ముట్టని దక్షిణాది వ్రాతప్రతులు కనిపించాయి. రెండు వేలకు పైబడిన ఆ ప్రతులు మద్రాసుకు తిరిగి వచ్చేటట్లు చేశారు. అన్నిటికంటే గొప్ప విషయం, తన సొంత సేకరణను 1845లో, ఇంకా ఉద్యోగంలో ఉండగానే, మద్రాసు లిటరరీ సొసైటీకి ఇచ్చివేశారు. పదవీ విరమణ చేసి 1855లో లండను వెళ్ళాక కూడా ఊరికే కూర్చోలేదు. 1865లో అక్కడి విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యులయ్యారు. 1884లో కాలం చేశారు.

మెకంజీ ప్రతుల్లో మద్రాసు చేరిన భాగమూ, బ్రౌన్ ఇచ్చినవీ తరువాత ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో కలిశాయి. కడపలో బ్రౌన్ ఉన్న చోట ఆయన పేర గ్రంథాలయం వెలిసిందంటే, అధ్యాపకులుగా పనిచేసిన జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారి పట్టుదలే కారణం.

ప్రతులు దాచి ఉంచితే ఏమవుతుందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. మానవల్లి రామకృష్ణకవి గారు వెతికి పట్టుకుని 1909లో అచ్చువేసేదాకా నన్నెచోడుని 'కుమారసంభవం' మన సాహిత్య చరిత్రలో లేనే లేదు. ఎవరో తాటాకులను పారవేయకుండా ఉంచబట్టి ఒక మహాకవి మనకు దక్కాడు.

గ్రంథాలయంలో పెట్టినంత మాత్రాన భయం తీరదన్నదీ నిజమే. 2000 ఆగస్టు వరదల్లో హైదరాబాదు సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోని అరుదైన ఉర్దూ పుస్తకాలు, పత్రికలు నీటిలో నానిపోయాయి. వాటిని ఆరబెట్టి, శుభ్రంచేసి బాగుచేసుకోవలసి వచ్చింది. అయినా అక్కడ ఏమున్నదో తెలిసినవారున్నారు, పట్టించుకునేవారున్నారు. మన అటక మీది పెట్టె తడిస్తే అడిగేవారెవరు?

మిత్రులారా, పెన్షనుకూ గ్రాట్యుటీకీ నామినేషను రాసిచ్చాము. బ్యాంకు ఖాతాకూ రాశాము. పుస్తకాలకు రాశామా? పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటారు. వారికి మన పుస్తకాల విలువ తెలియదంటే తప్పు వారిది కాదు, మనం చెప్పలేదు. మన తరువాత ఇల్లు ఖాళీచేసేటప్పుడు తెలియనివారు కిలోల లెక్కన తూకానికి వేస్తారు.

ఒక నోటుపుస్తకం తీసుకోండి. పుస్తకం పేరు, అచ్చయిన సంవత్సరం, ఎక్కడ దొరికింది, ఎందుకు దాచారు అన్న నాలుగు ముక్కలు రాయండి. చిరిగిన పేజీకి సెల్లోటేపు అంటించకండి, కొన్నాళ్ళకు మరకపడి కాగితం పాడవుతుంది. జాబితా ఒక ప్రతి పిల్లలకివ్వండి, మరొకటి దగ్గరలోని మంచి గ్రంథాలయానికి చూపించి వారికి కావలసినవేవో అడగండి. 1918 నుంచి నడుస్తున్న వేటపాలెం సారస్వత నికేతనం వంటి సంస్థలు మన నేలమీదే ఉన్నాయి. మనవడినో మనవరాలినో పక్కన కూర్చోబెట్టుకుని రాస్తే, వారికి మన కాలం కథలు, మనకు కాలక్షేపం.

పెద్ద జీతం, పెద్ద హోదా ఉన్న మెకంజీకే పట్టిక రాయడానికి వ్యవధి చాలలేదు. మనకు ఇప్పుడు ఉన్నదే వ్యవధి.