ఉద్యానసరస్సులలో బంగారుతీగ

తెలంగాణ ప్రభుత్వము 2016లో చెఱువులయందు చేపపిల్లలను ఉచితముగ విడుచుట కారంభించినపుడు, బొచ్చె, రోహులతోపాటు బంగారుతీగ యను చేపయు వానిలో నుండెను. బొచ్చెయు రోహుయు మన నదులలో పుట్టినవి. బంగారుతీగ పరదేశమునుండి వచ్చినది. ఈ చేపనే ఒకప్పుడు అమెరికావారు నగరోద్యానముల కొలనులలో పెంచి దేశమెల్ల పంచిపెట్టిరి. ఆ వృత్తాంతమును మా పాఠకులకు నివేదింపదలచితిమి.

అమెరికా ప్రభుత్వము 1871లో మత్స్యవిషయములు విచారించుటకు ఒక సంఘమును స్థాపించి, స్పెన్సర్ బెయిర్డు అను ప్రకృతిశాస్త్రజ్ఞుని దాని కధిపతిగ నియమించెను. చేపలు తగ్గుచున్నవను మొఱ అప్పటికే బలముగ నుండెను. బెయిర్డు దృష్టి ఐరోపావారు ప్రీతితో తిను ఈ చేపపై పడెను. ఇది వెచ్చని నీటిలోను, బురదగుంటలోను బ్రదుకును; దొరికినదెల్ల తినును; శీఘ్రముగ పెరుగును. బీదకాపు పెరటిగుంటలో పెంచుకొనుటకు ఇంతకన్న నేమి కావలయును?

1877వ సంవత్సరము మే నెలలో రుడాల్ఫు హెస్సెల్ అను మత్స్యపోషకుడు జర్మనీనుండి 345 చేపలను ఓడలో ప్రాణములతో తెచ్చి, బాల్టిమోరు నగరమందలి డ్రూయిడ్ హిల్ పార్కు కొలనులలో విడిచెను. మరుసటి యేట కొన్నిటిని రాజధానికి తరలించి, అప్పటి కింకను పూర్తికాని వాషింగ్టను స్మారకస్తంభము చెంత బాబ్‌కాక్ కొలనులలో నుంచిరి. ఉద్యానములు చేపలకు పురుటిండ్లైనవి. అయితే గట్టుపై షికారు చేయువారికి ఆ చేపలలో భాగము లేదు. కోరినవారికి వానిని దూరప్రాంతములకు పంపిరి. 1881నుండి ఇందుకై ప్రత్యేకపు రైలుపెట్టెయే నడచెను. 1883లో సుమారు 2,60,000 చేపలు 9,872 మందికి చేరినవి. ప్రతినిధిసభకు సభ్యుల నంపు 301 నియోజకవర్గములలో మూడింట దప్ప తక్కిన వన్నిటను ఇవి యడుగిడినవి! ప్రజాప్రతినిధులకు తమ వోటర్లను సంతోషపెట్టుటకు ఇంత చవుకైన సాధనము వేఱొకటి దొరకియుండదు.

తరువాతి కథ విచారకరము. వానకాలమున కట్టలు తెగి, గుంటలలోని చేపలు వాగులబడి నదులు చేరినవి. ఈ చేప ఆహారమునకై అడుగుబురదను మూతితో పెల్లగించును; నీటిమొక్కలు వేళ్లతో లేచిపోవును; నీరు కలకబాఱి, స్వదేశపు చేపల గ్రుడ్లపై మన్ను పేరుకొనును. పైగా వేసవి గుంటలో పట్టిన చేప బురదవాసన కొట్టుచున్నదని తినువారును ముఖము చిట్లించిరి. ఇరువదియేండ్లు తిరుగకమునుపే, చేపలకై అర్జీలు పెట్టుకొన్నవారే దానిని శపింపసాగిరి. చేపదేమి తప్పు? మేము బెయిర్డు సదుద్దేశమును శంకింపము. ఐనను గుంటలోని నీరు గుంటలోనే యుండునని నమ్మి వేలకొలది యిండ్లకు ఒక పరదేశజంతువును పంపుట పాండిత్యము గలవారు చేయదగిన పని కాదు.

కొలనులోని చేప గట్టుపై నున్నవానికి దక్కవలెనను తలంపు చాల ఆలస్యముగ ఫలించెను. మిస్సౌరీ రాష్ట్రపు ప్రకృతిసంరక్షణశాఖవారు 1969లో సెయింట్ లూయీ నగరమున ఇందుకు పూనుకొనిరి. దూరపు నదులకు పోవుటకు బండియు తీరికయు లేని కుటుంబములు నగరమున నెన్నియో కలవు. వారి యిండ్లకు దగ్గఱి పార్కు కొలనులలోనే చేపలను విడిచిరి. చిన్న కొలను, పెక్కు గాలములు. అందు పుట్టి పెరుగు చేపలు ఎంతమందికి చాలును? కావున పట్టుటకు తగినంత యెదిగిన చేపలనే వేఱొకచోటినుండి తెచ్చి, వెచ్చని మాసములలో మాటిమాటికి విడుచు పద్ధతి నవలంబించిరి. ఒక్కడే బుట్ట నింపుకొని పోకుండ, దినమునకు ఇన్నియే యని కట్టడి చేసిరి. విడిచినవానిలో జెల్లజాతి చేపలతోపాటు, శాపగ్రస్తయైన మన బంగారుతీగయు నుండెను! ఈ మాఱు అది గుంటగట్టు తెంచుకొని పోవుటకు గాక, కొలది దినములలోనే యెవరి గాలమునకో చిక్కుటకు వచ్చినది. ఆ రాష్ట్రమున గాలము వేయుటకు అనుమతిపత్రము కొనవలెను గాని, పదునాఱేండ్లు నిండని పిల్లలకును, అక్కడి నివాసులలో 65 ఏండ్లు నిండిన వృద్ధులకును అది యక్కఱలేదు.