పలాలీలో దిగి, ట్రింకోమలీలో ఓడెక్కి

1987 జులై 30. కొలంబోలో శ్రీలంక నౌకాదళం గౌరవ వందనం. తెల్ల యూనిఫాంల వరుస ముందు రాజీవ్‌గాంధీ నడుస్తున్నారు. ఉన్నట్టుండి వరుసలోంచి విజిత రోహణ అనే నావికుడు తుపాకీ తిరగేసి, మడమతో ఆయన తలకు గురిచూసి కొట్టాడు. రాజీవ్ ఓరకంట గమనించి వంగబట్టి దెబ్బ భుజం మీద పడింది. ముందురోజే ఆయన, అధ్యక్షుడు జయవర్ధనే కలిసి శాంతి ఒప్పందం మీద సంతకాలు చేశారు. మర్నాటికే ఆతిథ్యం అలా ఉంది! ఆ పూటే లంక ఉత్తరాన, జాఫ్నా దగ్గరి పలాలీ విమానాశ్రయంలో శాంతి పరిరక్షక దళం పేరుతో మన సైనికులు దిగడం మొదలైంది. ముందు వెళ్లింది మన సికిందరాబాద్ 54వ పదాతి డివిజనే.

పరాయి దేశపు తగవులోకి సైన్యాన్ని పంపే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఏ పని పూర్తయితే మనవాళ్లు తిరిగొస్తారు? 1971 బంగ్లాదేశ్ యుద్ధంలో దీనికి జవాబు ఉంది. ఏప్రిల్‌లోనే దాడి చేద్దామంటే సైన్యాధిపతి మానెక్‌షా ఇప్పుడు కాదన్నారు. వానలు వెళ్లాక, సన్నాహాలయ్యాక డిసెంబరులో కదిలారు. 13 రోజుల్లో ఢాకా లొంగింది, 1972 మార్చికల్లా మన సైన్యం బంగ్లాదేశ్ నుంచి వెనక్కి వచ్చింది. ఆ విజయం మనకు గర్వంతోపాటు కొంత ధీమా కూడా ఇచ్చింది. లంక విషయంలో ఆ ధీమాయే కొంప ముంచిందని నా అభిప్రాయం.

లంకలో మన వేలు పెట్టడం 1987తో మొదలు కాలేదు. 1983 జులైలో జాఫ్నా దగ్గర, ప్రత్యేక తమిళ దేశం (ఈళం) కోసం పోరాడుతున్న తమిళ పులులు (ఎల్‌టీటీఈ) 13 మంది లంక సైనికులను చంపారు. ఆ కోపంలో సింహళ మూకలు కొలంబోలో, ఇతర పట్టణాల్లో తమిళుల ఇళ్లు, దుకాణాలు తగలబెట్టారు, జనాన్ని ఊచకోత కోశారు. వేల మంది శరణార్థులు పడవల్లో తమిళనాడు చేరారు. ఆ తర్వాత మన గూఢచారి సంస్థ తమిళ మిలిటెంట్ సంస్థలకు ఆయుధాలిచ్చి, శిక్షణ ఇచ్చింది. ఒక చేత్తో వాళ్లకు తుపాకీ అందిస్తూ, రెండో చేత్తో కొలంబోతో మధ్యవర్తిత్వం నడిపాం. 1987 జూన్ 4న ఐదు ఏఎన్-32 విమానాలు మిరాజ్‌ల కాపలాతో వెళ్లి జాఫ్నా మీద ఆహారం, మందులు జారవిడిచాయి. పక్క దేశం అనుమతి లేకుండా దాని గగనతలంలోకి వెళ్లాం. జయవర్ధనేకు సంగతి అర్థమైంది. రెండు నెలలు తిరక్కుండానే ఒప్పందం మీద సంతకం పెట్టారు.

ఒప్పందంలో తమిళులకు స్వయంపాలన ఉంది, మిలిటెంట్లు ఆయుధాలు అప్పగించడం ఉంది. జతపరిచిన ఉత్తరాల్లో ట్రింకోమలీ రేవును మనకు వ్యతిరేకంగా ఎవరికీ ఇవ్వకూడదన్న షరతు ఉంది. లేనిదల్లా పులుల సంతకం. పులుల అధినేత ప్రభాకరన్‌ను ఢిల్లీ పిలిపించి హోటల్లో ఉంచి, ఒత్తిడి పెట్టి తలూపించారు. ఆగస్టు 4న సుదుమలై సభలో అతను ఆయుధాలిస్తామన్నాడు గానీ, ఈళం లక్ష్యం వదులుకోనని కూడా అన్నాడు. తర్వాత ఇచ్చినవి నామమాత్రం. జయవర్ధనే లెక్క వేరు. ఒప్పందం మీద దక్షిణాన సింహళ యువత మండిపడుతోంది. ఉత్తరాన భారత సైన్యం ఉంటే తన సైన్యాన్ని దక్షిణానికి తిప్పుకోవచ్చు. ఇంత కొరివితో మనం తల గోక్కున్నాం.

సెప్టెంబరులో తిలీపన్ అనే పులుల నాయకుడు జాఫ్నాలో మంచినీళ్లు కూడా ముట్టకుండా నిరాహార దీక్ష చేసి చనిపోయాడు. అక్టోబరు మొదట్లో లంక నౌకాదళం 17 మంది పులులను సముద్రంలో పట్టుకుంది. కొలంబో తరలించబోతుంటే వాళ్లు సైనైడ్ మింగారు, 12 మంది పోయారు. తమిళుల రక్షణకు వెళ్లిన సైన్యానికి వారం తిరక్కుండా తమిళ పులుల మీద యుద్ధానికి హుకుం వచ్చింది. పేరు మాత్రం మారలేదు. శాంతి పరిరక్షక దళమే!

అక్టోబరు 11 అర్ధరాత్రి జాఫ్నా విశ్వవిద్యాలయం మైదానం. పులుల నాయకత్వం అక్కడుందన్న సమాచారంతో హెలికాప్టర్లు కమాండోలను, వెనుకే 13 సిక్ లైట్ ఇన్‌ఫాంట్రీకి చెందిన 30 మందిని దించాయి. మన వైర్‌లెస్ మాటలు ముందే విన్న పులులు చుట్టూ కాచుకుని ఉన్నారు. హెలికాప్టర్లకు తూటాలు తగిలాయి, మిగతా జట్టు దిగలేకపోయింది. ఆ 30 మంది తెల్లవార్లూ పోరాడారు. మందుగుండు అయిపోయాక చివరివాళ్లు బాయ్‌నెట్లతో కలబడ్డారు. 29 మంది చనిపోయారు. పట్టుబడిన ఒక్కడు, సిపాయి గోరా సింగ్, తర్వాత విడుదలై వచ్చి చెబితే గానీ ఆ రాత్రి ఏం జరిగిందో తెలియలేదు. పది రోజులకు, దీపావళి నాడు, జాఫ్నా ఆసుపత్రిలోకి చొరబడ్డ మన సైనికుల కాల్పుల్లో డాక్టర్లు, నర్సులు, రోగులు పదుల సంఖ్యలో చనిపోయారు. జాఫ్నా తమిళుడికి ఈ రెండోదే గుర్తుంది. దాన్ని దాచిపెట్టి మన సైనికుల త్యాగం గురించి మాత్రమే రాయడం న్యాయం కాదు.

నెలాఖరుకు జాఫ్నా మన చేతికొచ్చింది, పులులు అడవుల్లోకి వెళ్లారు. దళం 70 వేలు దాటింది. డివిజన్ కమాండర్ హర్‌కీరత్ సింగ్ తర్వాత రాసిన పుస్తకంలో, చర్చలకొచ్చే ప్రభాకరన్‌ను కాల్చేయమని కొలంబోలో మన హైకమిషనర్ దీక్షిత్ చెప్పారని, తాను ఒప్పుకోలేదని రాశారు. నిజానిజాలు ఎలా ఉన్నా, దౌత్యానికీ సైన్యానికీ మధ్య ఎంత పొత్తు ఉందో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. 1988 నవంబరులో మాల్దీవుల్లో కుట్రను మన పారాట్రూపర్లు గంటల్లో అణచేశారు. అక్కడ పని స్పష్టం. లంకలో పని పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి.

లంక కొత్త అధ్యక్షుడు ప్రేమదాస మొదటినుంచీ ఒప్పందానికి వ్యతిరేకి. 1989 జూన్‌లో, జులై చివరికల్లా ఖాళీ చేయమన్నారు. మన సైన్యం మీదికి వాడుకోమని పులులకు ఆయుధాలు కూడా ఇచ్చారు. అప్పుడు మన విదేశాంగ మంత్రి పి.వి.నరసింహారావు. పిలిచినవాళ్లే పొమ్మంటుంటే చేయగలిగింది గడువు గురించి బేరమాడటమే. చివరికి, ఎన్టీఆర్ అధ్యక్షుడిగా ఉన్న నేషనల్ ఫ్రంట్ ప్రభుత్వం డిసెంబరులో వచ్చాక ఉపసంహరణ పూర్తయింది. 1990 మార్చి 24న చివరి జట్టు ట్రింకోమలీలో ఓడెక్కింది. దాదాపు 1,200 మంది తిరిగి రాలేదు. మద్రాసులో తిరిగొచ్చినవాళ్లను స్వాగతించడానికి ముఖ్యమంత్రి కరుణానిధి వెళ్లలేదు. మరుసటి ఏడాది శ్రీపెరుంబుదూరులో రాజీవ్‌ను, 1993 మే డే నాడు ప్రేమదాసను పులులు చంపారు.

అదే ప్రశ్న 2003లో మళ్లీ ఎదురైంది. అమెరికా ఇరాక్‌కు ఒక డివిజన్ పంపమని అడిగింది. ఎవరి ఆజ్ఞ కింద, ఎన్నాళ్లు, ఐక్యరాజ్యసమితి అనుమతి ఉందా అని ఢిల్లీ ముందే ఆరా తీసింది. సరైన జవాబు రాలేదు. జులైలో వాజ్‌పేయి ప్రభుత్వం పంపేది లేదని చెప్పేసింది.