కౌలు నుంచి లీజు దాకా: పొలం కాగితాల్లో ఇంగ్లీషు మాటలు



పావగడ తాలూకా పటం ఒకసారి మనసులో గీసుకోండి. పేరుకు తుమకూరు జిల్లా. చుట్టూ చాలా వైపుల ఆంధ్ర నేలే. మడకశిర, పెనుకొండ, కల్యాణదుర్గం మనకు పొరుగూళ్ళ కిందే లెక్క. ఇంట్లో తెలుగు మాట్లాడతాం, బళ్ళో కన్నడం చదువుతాం, తాలూకా కచేరీలో కన్నడ కాగితం మధ్యలో కూర్చున్న ఇంగ్లీషు మాటను చూసి వేలిముద్ర వేస్తాం. మనవాళ్ళు కొందరు దాన్ని కూడా కన్నడంలోనే హెబ్బెట్టు అంటారు. ఏ మాట ఏ దేశం నుంచి వచ్చిందో విచారించే తీరిక ఎవరికుంది? అయితే ఈ వేళ ఆ విచారణే కొంచెం చేద్దాం. ఎందుకంటే ఆ మాటల వెనక మన పొలాలున్నాయి.

నాగలమడికె హోబ్లీలో తిరుమణి, వళ్లూరు, రాయచెర్లు చుట్టుపక్కల ఇప్పుడు సౌర విద్యుత్ పార్కు ఉంది. 2018 మార్చిలో ప్రారంభించారు. 2019 డిసెంబరు నాటికి 2,050 మెగావాట్ల సామర్థ్యం పూర్తయింది. దాదాపు 13,000 ఎకరాలు. ఈ భూమిని ప్రభుత్వ సంస్థ కొనలేదు, రైతుల దగ్గర లీజుకు తీసుకుంది. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు, రెండేళ్ళకొకసారి అయిదు శాతం పెంపు అన్నది మొదటి లెక్క. వానకూ కరువుకూ మధ్య వేరుశనగ వేసుకుని బతికిన ఊళ్ళలో ‘లీజు’ అన్నది అలా ఇంటింటి మాటైంది. భూమి ఉన్నవారికి ఆ మాటతో ఏటా ఇంత అని డబ్బు వచ్చింది. భూమి లేని కూలివారికి ఆ మాటతో కలుపు పని పోయింది, కోత పని పోయింది. ఒక్క మాట, రెండు ఇళ్ళలో రెండు అర్థాలు.

లీజు రాకముందు మనకు మాట లేక కాదు. గుత్త ఉంది, కౌలు ఉంది. గుత్త మన దక్షిణాది మాట. కన్నడంలో గుత్తిగె అంటారు. కౌలు కథ పెద్దది. అరబ్బీలో ‘కౌల్’ అంటే మాట, ఇచ్చిన మాట. అది మన దగ్గరికి ఎలా వచ్చిందంటారా? మనకు దగ్గర్లోనే శిరా ఉంది కదా. 1687 నుంచి 1757 దాకా అది మొగలుల సుబాకు రాజధాని. పెనుకొండ కూడా ఆ సుబా కిందిదే. ఫారసీలో రాసే గుమాస్తాలతో బాటు సుబా, పరగణా, జమాబంది లాంటి మాటలు ఇలాంటి కచేరీల గుండానే మన పల్లెల్లోకి దిగాయి. ‘ఈ భూమికి ఇంత పన్ను, ఇంతకు మించి అడగం’ అని సర్కారు రాసిచ్చిన మాటే కౌలు.

ఇంగ్లీషువాళ్ళు వచ్చాక ఈ మాటను తామూ వాడుకున్నారు. 1886లో యూల్, బర్నెల్ అనే ఇద్దరు పండితులు ‘హాబ్సన్ జాబ్సన్’ అన్న నిఘంటువు వేశారు. భారతదేశంలో ఇంగ్లీషువాళ్ళ నోట నానిన దేశీ మాటల పుస్తకమది. అందులో కౌలుకు లీజు అన్న అర్థమే కాక అభయపత్రం అన్న అర్థం కూడా ఇచ్చారు. కోట వదిలి లొంగిపోయే పాళెగాడికి ‘నీ ప్రాణానికి భయం లేదు’ అని ఇచ్చే చీటీ కూడా కౌలే. పాళెగాడు సయితం ఆ పుస్తకంలోకి ‘పాలిగార్’ అయి ఎక్కాడు, నిడుగల్లు కొండను చూస్తూ పెరిగిన మనకు అది వింతగా తోస్తుంది గాని! అంతకు ముందే, 1854లో, కడపలో ఉద్యోగం చేసి తెలుగు నేర్చుకున్న బ్రౌను దొర తెలుగులో కలిసిపోయిన అన్యభాషా పదాలకు వేరే నిఘంటువే కట్టాడు. పండితులు మ్లేచ్ఛపదాలని పక్కన పెట్టిన మాటలను ఆయన ఏరుకున్నాడు. కచేరీలో రైతు బతికేది ఆ మాటలతోనే అని ఆయనకు తెలుసు.

మరి లీజు? అది ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చింది. మూలం లాటిన్‌లో ‘వదులు చేయడం’. వదులు చేయడం నుంచి వదలిపెట్టడం అన్న అర్థం వచ్చింది. మన భాషలోనూ వదులు, వదలు పక్కపక్కనే ఉన్నాయి చూడండి. బెంగుళూరులో ఇళ్ళ ముందు ‘టు లెట్’ అని బోర్డు కడతారే, ఆ లెట్‌కు కూడా పాత అర్థం విడిచిపెట్టడమే. అంటే కౌలులో ఉన్నది ఇచ్చిన మాట, లీజులో ఉన్నది వదిలిన పట్టు. నన్నడిగితే కౌలే మర్యాదైన మాట. కాని ఇప్పటి కాగితం మీద ఉన్నది లీజు కాబట్టి దాని సంగతే తెలుసుకోవాలి.

ఇంగ్లీషు చదివే మన పిల్లలు ఎక్కువగా తడబడేది ఇలాంటి చిన్న క్రియల దగ్గరే. లెట్ అవుట్ అంటే అద్దెకివ్వడం. లెట్ ఆఫ్ అంటే శిక్ష లేకుండా విడిచిపెట్టడం. లెట్ డౌన్ అంటే నమ్మినవాణ్ణి నట్టేట ముంచడం. క్రియ ఒకటే, వెనక తోక మారింది, అర్థం ఎక్కడికో పోయింది. ఇదేం భాష అని విసుక్కుంటారు. విసుక్కోవలసిన పనిలేదు. మన తెలుగు చేసేదీ ఇదే. రాసిచ్చినాడు, రాయించుకున్నాడు, రాసిపెట్టినాడు, రాసేసినాడు. మొదటి మాట విన్నప్పుడు పొలం పోయిందని తెలుస్తుంది, రెండో మాట విన్నప్పుడు పొలం వచ్చిందని తెలుస్తుంది. చదువురాని అవ్వకు కూడా ఈ తేడా ఎవరూ చెప్పనక్కరలేదు. మనం క్రియ వెనక ఇంకో క్రియను కడతాం, వాళ్ళు క్రియ వెనక ఆఫ్, ఓవర్, అవే లాంటి పొట్టి మాటను కడతారు. అంతే తేడా.

అందుచేత కాగితం మీద టేక్ ఓవర్ అని ఉంటే స్వాధీనం చేసుకోవడమని, హ్యాండ్ ఓవర్ అంటే అప్పగించడమని, మేక్ ఓవర్ అంటే హక్కు ఇంకొకరి పేర రాసివ్వడమని గ్రహించాలి. సైన్ దగ్గర మరీ జాగ్రత్త. సైన్ ఫర్ అంటే వస్తువో డబ్బో ముట్టిందని చేవ్రాలు చేయడం. సైన్ అవే అంటే ఆ చేవ్రాలుతోనే హక్కు పోగొట్టుకోవడం. సంతకం ఒకటే, కలం ఒకటే.

లీజు పత్రంలో ఇద్దరు మనుషులుంటారు: లెస్సర్, లెస్సీ. లెస్సర్ అంటే తక్కువవాడు అనుకునేరు! ఉచ్చారణలో అలాగే వినిపిస్తుంది, పాపం. తెలుగు చెవికైతే లెస్స అంటే మేలు కూడాను. అసలు అర్థం, లెస్సర్ భూమి ఇచ్చేవాడు, లెస్సీ తీసుకునేవాడు. చివర ‘ఈ’ అని సాగితే పుచ్చుకునేవాడని గుర్తు. బ్యాంకు కాగితంలో మాత్రం ఈ గుర్తు మొదట తికమక పెడుతుంది. మార్ట్‌గేజర్ ఎవరు? అప్పు తీసుకున్న రైతు. మార్ట్‌గేజీ ఎవరు? బ్యాంకు. తీసుకున్నవాడు రైతు కదా అంటారేమో. రైతు తీసుకున్నది డబ్బు. కుదువ పెట్టి ఇచ్చింది పొలం. పత్రం పొలం వైపు నుంచి చూస్తుంది, డబ్బు వైపు నుంచి కాదు. ఆ మాటకు పాత ఫ్రెంచిలో అర్థం ‘చచ్చిన తాకట్టు’. బాకీ తీరితే తాకట్టు చచ్చిపోతుంది, తీరకపోతే భూమి మీద రైతుకున్న హక్కు చచ్చిపోతుంది అని పూర్వపు ఇంగ్లీషు న్యాయవాదులు దానికి వ్యాఖ్యానం చెప్పుకున్నారు.

పెద్దవాళ్ళకు ఫారం ఏడు జ్ఞాపకం ఉంటుంది. దేవరాజ అరసు ప్రభుత్వం 1961 నాటి భూసంస్కరణల చట్టాన్ని సవరించి 1974 మార్చి 1 నుంచి అమలుకు తెచ్చింది. ‘ఉళువవనే ఒడెయ’ అని అప్పటి నినాదం, అంటే దున్నేవాడే దొర. గేణికి చేస్తున్న భూములన్నీ ముందు ప్రభుత్వంలో ‘వెస్ట్’ అవుతాయని ఆ చట్టం చెప్పింది. ఆ తర్వాత భూన్యాయమండలికి ఫారం ఏడు పెట్టుకున్న గేణిదారుకు హక్కు దక్కేది. ఈ వెస్ట్, మనం లోపల తొడుక్కునే బనియనుకు ఇంగ్లీషులో ఉన్న పేరు, ఒకే వేరువి. లాటిన్‌లో వస్త్రం. పూర్వం ఐరోపాలో పదవిని ఇచ్చేటప్పుడు వస్త్రం తొడిగేవారు. మొగలులు ఖిలాతు ఇచ్చినట్టే. హక్కును బట్టలా ఒకరి ఒంటిమీది నుంచి తీసి ఇంకొకరికి తొడగడమన్నమాట. ఆ ఒక్క క్రియతో ఎన్నో ఇళ్ళలో గేణిదారు భూస్వామి అయ్యాడు. ఫారం వేయడం తెలియక మిగిలిపోయినవాళ్ళూ ఉన్నారు.

ఒక జాతీయం కూడా చెప్పాలి. పెద్ద జబ్బు నుంచి లేచినవాణ్ణి ఇంగ్లీషులో ‘న్యూ లీజ్ ఆఫ్ లైఫ్’ దొరికిందంటారు. దాన్ని ఆయుష్షు కౌలు అని తెనిగిస్తే నవ్వుతారు. మనం మళ్ళీ పుట్టాడంటాం. ఇంగ్లండులో ఒకప్పుడు కొన్ని లీజులు ఏళ్ళ లెక్కన కాక మనుషుల లెక్కన ఉండేవి. పత్రంలో ముగ్గురి పేర్లు రాసి, వారిలో చివరివాడు బతికున్నంత కాలం భూమి కౌలుదారుడిదే అనేవారు. ఒక పేరు రాలిపోతే రుసుము కట్టి కొత్త పేరు చేర్చుకోవడమూ ఉండేది. ప్రాణాన్ని, కౌలును అలా ఒక్క తాడుతో కట్టిన దేశంలో ఆ జాతీయం వినేవారికి వింతగా తోచదు.

ఇక మన పహణీ. ఆర్‌టీసీ అన్న మూడక్షరాలకు అర్థం హక్కులు, గేణి, పంటల దాఖలా. సరిహద్దు దాటితే ఆంధ్రవాళ్ళు అడంగల్ అంటారు. ఇంట్లో ఉంటే తీసి చూడండి. తొమ్మిదో కాలంలో యజమాని పేరు ఉంటుంది. పదకొండో కాలంలో భూమి మీది హక్కులు, బాధ్యతలు, అంటే బ్యాంకు కుదువ లాంటివి ఉంటాయి. పన్నెండో కాలంలో సాగు చేస్తున్నది ఎవరో, పంట ఏమిటో ఉంటుంది. లీజుకిచ్చినా, కుదువ పెట్టినా తొమ్మిదో కాలంలో మీ పేరు ఉండాలి. అక్కడ వేరే పేరు కనిపిస్తే మాత్రం, ఏ కాగితం మీద ఏ మాట కింద చేవ్రాలు చేశారో ఆ మాటను చదివించుకుని, ఆ పత్రం నకలు తీసుకుని తాలూకా కచేరీకి వెళ్ళండి.

సెలవు.