హెత్సెమనీలో కొబ్బరన్నం

పరాయి దేశంలో కొబ్బరన్నం కావాలంటే మనవాళ్ళ హోటలే దిక్కు అనుకునేవాణ్ణి. సెలవల్లో ఫ్రెండుతో కలిసి కొలంబియాలోని కార్టహేనాకి వెళ్ళాక ఆ భ్రమ పోయింది.

కరీబియన్ సముద్రం ఒడ్డున పాత ఊరు. అందులో హెత్సెమనీ అనే పేట (బైబిల్లోని గెత్సేమనే తోట పేరే). రాత్రయితే రంగురంగుల సందుల్లో ఎక్కడ చూసినా రెస్టారెంట్లే. మేమూ ఒక దాంట్లో కూర్చున్నాం. వేయించిన చేప, రెండుసార్లు వేయించిన అరటికాయ చెక్కలు, పక్కన గోధుమరంగు కొబ్బరన్నం. కొబ్బరిపాలని నూనె తేలి, మిగిలింది ఎర్రగా వేగేదాకా మరిగించి, అందులో బియ్యం వండుతారట. కాస్త తీపి. ఆవకాయ ఉండుంటే ఇంకో ప్లేటు లాగించేవాణ్ణి :)

బిల్లు చూశాకే అనుమానం వచ్చింది.. ఈ పేటవాళ్ళు ఇక్కడ తినగలరా? గదికొచ్చి చరిత్ర చదవడం మొదలుపెట్టాను.

1533లో స్పెయిన్ వాళ్ళు పెట్టిన ఊరిది. ఆఫ్రికా నుంచి బానిసల్ని తెచ్చి దించిన పెద్ద రేవు. దొరలూ వర్తకులూ పక్కపేటలో ఉంటే, హెత్సెమనీలో కమ్మర్లు, వడ్రంగులు, బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లవాళ్ళు ఉండేవారు. 1811 నవంబరు 11న వీళ్ళే పెద్రో రొమెరో అనే పనివాడి వెంట కదిలి, పాలకమండలి మెడలు వంచి స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకాలు పెట్టించారు. ఆ తేదీకి కొలంబియాలో ఇప్పటికీ జాతీయ సెలవు. అయితే బానిసత్వం రద్దు చట్టం కోసం 1851 దాకా ఆగాల్సి వచ్చింది.

1815లో స్పెయిన్ సేనాని మొరీయో ఊరిని చుట్టుముట్టాడు. ఆగస్టు నుంచి డిసెంబరు దాకా లోపలికి గింజ రాలేదు. గుర్రాలు అయిపోయాయి, కుక్కలు అయిపోయాయి, ఎలుకల్ని తిన్నారు, తోలు ఉడకబెట్టుకున్నారు. ఊళ్ళో మూడోవంతు మంది ఆకలికీ రోగాలకీ పోయారని అంచనా. నేను చేప ముల్లు తీసుకుంటూ కూర్చున్న చోటే ఇదంతా జరిగింది!

ఇరవయ్యో శతాబ్దంలో ఊరి పెద్ద మార్కెట్టు ఈ పేటలోనే ఉండేది. 1904లో మొదలైంది. 1978లో దాన్ని దూరంగా బసుర్తోకి తరలించారు. ఆ జాగాలో 1982కి కన్వెన్షన్ సెంటర్ వచ్చింది. 1984లో యునెస్కో గుర్తింపు. ఆ తర్వాత హోటళ్ళు, అద్దెలు.. పాత కుటుంబాలు ఒక్కొక్కటే ఇళ్ళు అమ్ముకుని వెళ్ళిపోయాయి.

మర్నాడు సాయంత్రం త్రినిదాద్ చర్చి ముందు ఒకావిడ దగ్గర గుడ్డు పెట్టి వేయించిన మొక్కజొన్న అరెపా తిన్నాం. మా ఫ్రెండుకి స్పానిష్ వచ్చు. ఆవిడ పుట్టింది ఆ పక్క సందులోనేనట. ఇప్పుడు రోజూ బస్సెక్కి వస్తోంది.

ఊళ్ళు మారకూడదని నేననను. మాదాపూర్లో అడిగినంత అద్దె ఇచ్చి రేట్లు పెంచిన బాపతే నేనూ. కానీ మూడు నెలల పైన ఆకలికి ఓర్చుకున్న పేట అద్దెలకి ఓర్చుకోలేకపోతోంది. మీరెప్పుడైనా అటు వెళితే ఒక పూటైనా ఆ చర్చి ముందు తినండి. రుచి కూడా అక్కడే బావుంది.